బోర్డు మీద చేతులు

బధిరుల బడి, స్టాఫ్ రూము

వదినా,

కోపంతో రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వంకర పోతే సర్దుకుని చదువుకో. ఫోన్ చేయొచ్చుగా అంటావు. రోజంతా పిల్లలకి చేతులతో పాఠం చెప్పి ఇల్లు చేరేసరికి నాకు నోరు తెరవబుద్ధి కాదు. పైగా ఫోన్ చేస్తే అన్నయ్య నీ పక్కన చేరి "ఏమంటోంది, ఏమంటోంది" అని నస పెడతాడు. ఈ సంగతి అన్నయ్య చెవిన పడటం నాకిష్టం లేదు.

ఇవాళ కొత్త పిల్లని చేర్చడానికి ఒకావిడ వచ్చింది. పిల్ల చనువుగా వచ్చి నా వేళ్ళు పట్టుకుంది. అప్పుడు ఆవిడ చూపు నా చేతుల మీద పడింది. మణికట్టు నుంచి గోళ్ళ దాకా బొల్లి మచ్చలే కదా ఇప్పుడు, దాచుకోవడానికేం మిగల్లేదు. గభాల్న పిల్లని వెనక్కి లాగి, సంచిలోంచి తడి రుమాలు తీసి, నా ఎదురుగానే ఆ చిట్టి వేళ్ళు ఒక్కొక్కటే తుడిచింది. పెంటలో పెట్టిన చెయ్యి కడిగినట్టు తుడిచింది. ఇది అంటుకునేది కాదమ్మా, చర్మానికి రంగు పుట్టించే కణాలు చచ్చిపోవడం, అంతే అని చెప్పాను. "అబ్బే, అందుకు కాదండీ" అంది, తుడుస్తూనే.

అది పోనీ. సాయంత్రం మా హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, "కొన్నాళ్ళు చేతులకి తొడుగులు వేసుకుని పాఠం చెప్పరాదూ" అంది. తెలియనివాళ్ళు అంటే ఊరుకుంటాను. ఈ బళ్ళోనే తల నెరిసిన మనిషి వదినా. నోటితో పాఠం చెప్పే టీచర్‌ని నోట్లో గుడ్డ కుక్కుకోమంటుందా? తొడుగులు వేసుకోకపోతే చిన్న క్లాసు తీసేసి ఆఫీసులో కూర్చోబెడుతుందట. పిల్లలు లేకుండా ఆ బళ్ళో నేనెందుకు, గోడలకి సైగలు చెయ్యడానికా?

పిల్లలకి మాత్రం ఏ రోతా లేదు. వాళ్ళు మనిషిలో కంటికి కనిపించినదాన్ని బట్టి పేరు పెడతారు. నా పేరు వేళ్ళ కొసలు రుద్ది చూపిస్తారు, తెల్లవేళ్ళు అని. బుగ్గ మీద వేలితో పొడిచి చూపించే పిల్ల ఒకతి ఉంది, సొట్టబుగ్గ. దానికి నా చేతులంటే ప్రాణం.

మీ క్లినిక్‌లో చర్మానికి మూలకణాల వైద్యం చేస్తారని ఆమధ్య ఏదో అన్నావు. నిజంగా పనిచేస్తుందా? నవ్వులాటకి కాదు, అడుగుతున్నాను.

నీ ఆడపడుచు

—

స్కిన్ క్లినిక్, ముందు కౌంటరు

పంతులమ్మ గారికి,

ఆ రుమాలు మహాతల్లి మా కౌంటరుకి ఎప్పుడైనా రాకపోదు, అప్పుడు చెప్తాను దాని సంగతి. నువ్వు మనసు పాడుచేసుకోకు. మీ హెడ్‌మిస్ట్రెస్‌ని కూడా తీసుకొస్తే ముడతలు పోగొట్టి పంపిస్తాం.

ఇక వైద్యం సంగతి. బొడ్డుతాడు నుంచి తీసిన మూలకణాలట. మూలకణం అంటే, పెద్దయ్యాక ఏమవ్వాలో ఇంకా తేల్చుకోని కణమట. దాన్ని మచ్చలో సూదితో వదిలితే, చుట్టుపక్కల చూసుకుని తనూ రంగు కణమై కూర్చుంటుందట. మీ అన్నయ్యకి కూడా ఒక సూది వేస్తే ఈ వయసులోనైనా ఏదో ఒకటి అవుతాడేమో అని పెద్ద డాక్టరుగారిని అడిగాను. ఆయన పడీ పడీ నవ్వారు. మంచి మనిషి. నన్ను కౌంటరులో కూర్చునేదానిలా చూడరు, అందరికీ "మా కౌన్సెలర్" అని పరిచయం చేస్తారు.

రోజూ ఎంతమంది వస్తున్నారో చెప్పలేను. బొల్లి, కాలిన మచ్చలు, సోరియాసిస్, ఆఖరికి బట్టతల కూడా. మందు సీసాలు పెట్టడానికి చోటు చాలక మా స్టాఫ్ ఫ్రిజ్‌లో కూడా కుక్కుతున్నారు. నా పండ్లముక్కల డబ్బా పెట్టుకోవడానికి రోజూ ఆ నర్సుపిల్లతో యుద్ధమే.

నీ చేతులు మంచి వెలుతురులో ఫోటో తీసి పంపు. డాక్టరుగారికి చూపిస్తాను. సెలవుల్లో వచ్చి మా ఇంట్లోనే ఉండి చేయించుకుని పోదువుగాని. అసలే పిల్లల మధ్య పనిచేసే చేతులు, బంగారంలా చేసి పంపే పూచీ నాది.

మీ వదిన

—

బధిరుల బడి, చిన్న క్లాసు

వదినా,

ఫోటో ఇందులోనే పెట్టాను. తీసింది సొట్టబుగ్గ. చేతులు ఊరికే బల్ల మీద చాపి పెట్టడం నాకు చేతకాలేదు. మాట లేకుండా చేతులు చాపితే నోరు తెరిచి పెట్టుకున్నట్టు ఉంటుంది మాకు. అందుకని రెండు చేతుల వేళ్ళ కొసలూ పైన ఆనించి ఇంటికప్పులా పెట్టాను. మా భాషలో అది ‘ఇల్లు’. ఎడమ చేతి చిటికెనవేలు కొంచెం పక్కకి ఒరిగింది చూడు, నా ‘ఇల్లు’ ఎప్పుడూ అంతే, పిల్లలు నవ్వుతారు.

అయితే ఒక మాట. నిన్న పెద్దాసుపత్రిలో చర్మవైద్యురాలికి చూపించుకున్నాను. మూలకణాల మాట ఎత్తగానే మొహం చిట్లించింది. జుట్టు కుదుళ్ళలో ఉండే మన సొంత కణాలే తీసి మచ్చ మీద నాటే పద్ధతి ఒకటి ఉందట. కానీ మచ్చలు పెరగడం ఆగి చాలా కాలమైతేనే చేస్తారట. నావి ఇంకా పాకుతున్నాయి. పాకుతున్నప్పుడు సూదులు గుచ్చితే, గుచ్చిన చోటల్లా కొత్త మచ్చ లేవొచ్చు, ఓపిక పట్టు అంది. బొడ్డుతాడు సూదుల మీద ఇంకా పరీక్షలే జరుగుతున్నాయి, అమ్ముకునే దశ రాలేదు అని కూడా అంది.

ఆవిడకి ఓపిక ఉంటుంది, తొడుగులు వేసుకోమన్నది ఆవిడని కాదుగా. వచ్చే నెల నుంచి చిన్న క్లాసు వేరేవాళ్ళకి ఇస్తామని హెడ్‌మిస్ట్రెస్ మళ్ళీ గుర్తు చేసింది.

ఒక్కటే అడుగుతాను, సూటిగా చెప్పు. ఈ సూదులతో నయమైన మనిషిని, ఒక్కరినైనా, నీ కళ్ళతో చూశావా? చూశానంటే టికెట్ కొనుక్కుంటాను. నీ మాట చాలు నాకు.

నీ ఆడపడుచు

—

స్కిన్ క్లినిక్

అమ్మాయ్,

ఫోటో అందింది. డాక్టరుగారికి నచ్చింది.

ఈసారి సెలవులకి రావద్దు. మా పిన్నివాళ్ళు కుటుంబమంతా దిగుతున్నారు, ఇంట్లో కాలు పెట్టే చోటుండదు. మందు స్టాకు కూడా అయిపోయింది. తర్వాతెప్పుడైనా చూద్దాం. అంత తొందరేముంది, ఆ పెద్దాసుపత్రి ఆవిడ చెప్పినట్టే కొన్నాళ్ళు ఆగు.

పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తాను.

వదిన

—

లాడ్జి గది, మీ క్లినిక్ వెనక వీధి

వదిన గారికి,

మీరు ఆశ్చర్యపోతారేమో. మీ ఊళ్ళోనే ఉన్నాను. మీ పిన్నిగారి కుటుంబానికి ఇబ్బంది లేకుండా లాడ్జిలో దిగాను. ఇంటికి వద్దామని అన్నయ్యకి ఫోన్ చేస్తే, "పిన్నివాళ్ళా? ఎవరూ రాలేదే, ఎవరు చెప్పారు?" అన్నాడు. పాపం, అన్నయ్యకి అబద్ధం ముందే చెప్పి ఉంచడం మరిచిపోయినట్టున్నారు.

నాకెందుకు అర్థం కాదండీ. పోయినసారి మీ ఇంటికి వచ్చినప్పుడు అందరికీ పింగాణీ కప్పుల్లో టీ ఇచ్చి, నాకు కాగితం కప్పులో ఇచ్చారు. అప్పుడే తెలుసుకోవలసింది. తెలిసీ నన్ను నేను సముదాయించుకున్నాను, కప్పులు చాలలేదేమోలే అని. రుమాలు తీసిన ఆవిడే నయం. నా మొహం మీదే తుడిచింది. మీరు నవ్వుతూ తుడిచారు.

మీరు సెలవులో ఉన్న రోజు చూసే మీ క్లినిక్‌కి వెళ్ళాను. స్టాకు లేదన్నారు, ఫ్రిజ్ తలుపు తీస్తే సీసాలు దొర్లిపడుతున్నాయి. ఎవరిదో అన్నం డబ్బా పక్కకి జరిపి, దాని వెనక నుంచి నా మందు తీసిందా నర్సుపిల్ల. సీసాకి ఏదో జిడ్డు అంటుకుని ఉంటే తన గౌనుకి తుడిచింది. గదిలో మల్లెపూల స్ప్రే కొట్టారు, దాని కింద ఇంకేదో వాసన, కుళ్ళిన నీళ్ళలా. లేచి వచ్చేద్దామనిపించింది. రాలేదు. లేచి వస్తే తొడుగులు వేసుకోవాలి, లేదా పిల్లల్ని వదులుకోవాలి.

ముందు కుడి చేతికి చేయించుకున్నాను. మచ్చ మచ్చకీ గుచ్చారు. పెద్ద డాక్టరుగారు నా చేతులు తిప్పి చూసి, "ఇవి నాకు బాగా తెలిసిన చేతులు" అని నవ్వారు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

రేపటి బండికి వెళ్ళిపోతున్నాను. మీరు శ్రమ తీసుకుని స్టేషన్‌కి రానవసరం లేదు.

ఇట్లు,
మీ భర్తగారి చెల్లెలు

—

ఇల్లు, వంటగది

అమ్మాయ్,

ఎంత పని చేశావు. నన్ను ఎంత తిట్టినా పడతాను, ముందు ఈ ఒక్క మాట విను. ఆ చేతిని రోజూ చూసుకుంటూ ఉండు. ఇప్పుడు బాగానే ఉందనిపించినా సరే, కొన్ని వారాల తర్వాత ఎక్కడ చిన్న గడ్డలా తగిలినా, ఎర్రబడినా, ఆ క్షణమే పెద్దాసుపత్రికి పరిగెత్తు. ఏ సూది చేయించుకున్నావో దాచకుండా చెప్పు. మా క్లినిక్‌కి మాత్రం రావద్దు, ఫోన్ చేసినా వాళ్ళు "ఐసు పెట్టుకోండి" అంటారు.

ఎందుకని అడగకు. చెప్పలేను. వెళ్ళు, అంతే.

వదిన

—

పెద్దాసుపత్రి, ఆడవాళ్ళ వార్డు

వదినా,

మీరు గీరు అనడానికి ఓపిక లేదు. ఎడమ చేత్తో రాస్తున్నాను, అందుకే కోడి గెలికినట్టుంది. నీ ఉత్తరం వచ్చిన రోజునే విప్పి ఉంటే ఎలా ఉండేదో తెలియదు. కోపంతో విప్పకుండా సొరుగులో పడేశాను. గడ్డలు పగిలాక విప్పాను.

చెప్తాను, విను. నువ్వు అన్నం ముందు కూర్చుని ఉంటే లేచి చెయ్యి కడుక్కునిరా. సూది గుచ్చిన చోటల్లా బటాణీ గింజంత గడ్డ లేచింది. ఊదా రంగుకి తిరిగి, మెత్తబడి, ఒకటి తర్వాత ఒకటి నోరు తెరిచాయి. చీము కాదు, పలచటి ముదురు నీళ్ళు. మీ క్లినిక్ గదిలో మల్లెపూల కింద కొట్టిందే, అదే వాసన, ఇప్పుడు నా ఒంట్లోంచి. తలగడ కింద చెయ్యి దాచుకున్నా వస్తుంది. పక్క మంచం ఆవిడ మొహం అటు తిప్పుకుని పడుకుంటోంది. ఈసారి తప్పు పట్టలేను, నాకే నా చెయ్యంటే రోతగా ఉంది. బొల్లి వచ్చినప్పుడు ఒక్కనాడు కూడా నా చెయ్యి నాకు అసహ్యం పుట్టలేదు వదినా.

సీసాలో బతికున్న మూలకణం ఒక్కటైనా ఉందో లేదో గానీ క్రిములు మాత్రం దండిగా ఉన్నాయంది, ఓపిక పట్టమన్న ఆ డాక్టరమ్మే. నెలల తరబడి మందులు మింగాలట. పుండు నరాల దాకా పోయిందని కోసి శుభ్రం చేశారు. చూపుడువేలు, మధ్యవేలు వంగడం లేదు. వ్యాయామం చేయిస్తే కొంత వస్తుందంటున్నారు, మొత్తం రాదట. మానిన చోటల్లా కొత్త తెల్ల మచ్చ. ఆవిడ చెప్పినట్టే.

అది చూపుడువేలు వదినా. ‘నువ్వు’, ‘నేను’, ‘అక్కడ’, ‘ఎందుకు’, అన్నీ దానితోనే చెప్తాం మేము. మాట పడిపోయినవాళ్ళని చూశావా ఎప్పుడైనా? సగం మాట పడిపోయింది నాకు.

నిన్న పిల్లలు చూడటానికి వచ్చారు. అందరి మొహాలూ వెలిగిపోతున్నాయి. కట్టు విప్పమంటారు. నొప్పి, వద్దు అంటే వినరు. సొట్టబుగ్గ అసలు సంగతి చెప్పింది. బడి ముందు బస్టాపులో మీ క్లినిక్ పేరుతో పెద్ద బోర్డు పెట్టారట. ఒక పక్క తెల్లమచ్చల చేతులు, ఒక పక్క నిగనిగలాడే గోధుమరంగు చేతులు. ముందు, తర్వాత. రెండూ ‘ఇల్లు’ అంటున్నాయట. చిటికెనవేలు పక్కకి ఒరిగి ఉందట. "తెల్లవేళ్ళకి నయమైపోయింది" అని బడంతా చెప్పుకున్నారట. ఇన్నేళ్ళుగా ఆ బస్టాపులో నాతో నిలబడే పెద్దవాళ్ళెవరూ గుర్తుపట్టలేదు. నా పిల్లలు ఒక్క చూపులో గుర్తుపట్టారు. వాళ్ళకి అది మొహం లాంటిది.

కట్టులోంచి గోధుమరంగు చెయ్యి బయటికి వస్తుందని చూస్తూ నిలబడ్డారు వదినా.

ఆ ఫోటో నీకు తప్ప నేనెవరికీ పంపలేదు.

—

ఇల్లు, వంటగది

అమ్మాయ్,

మీ అన్నయ్యకి చదివి వినిపించాను.

ఫోటో డాక్టరుగారికి ఇచ్చింది నేనే. వైద్యం చెప్తారనే ఇచ్చాను, ఒట్టు. వారం తర్వాత కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాడు నీ చేతులకి రంగు పూస్తుంటే చూశాను. ఇదేమిటని అడిగితే, "మీ ఆడపడుచుకి ఎలాగూ నయం చేస్తాం కదమ్మా, కాస్త ముందుగా వేస్తున్నాం" అన్నారు డాక్టరుగారు. నేను వెళ్ళి కౌంటరులో కూర్చున్నాను.

ఫోన్లు ఎత్తేది నేనే. నువ్వు ఆ ప్రశ్న రాసిన వారంలోనే ఒకాయన ఫోన్ చేసి చెంప మీద గడ్డలు లేచాయని ఏడ్చాడు. తర్వాత ఇంకొకావిడ. ఐసు పెట్టుకోమని చెప్పించారు నా చేత. నయమైన మనిషిని చూశావా అని అడిగావు. చూడలేదు. చూడలేదని రాస్తే కారణం రాయాలి, రాస్తే నా ఉద్యోగం పోతుందని భయం. మీ అన్నయ్య నడుం పడిపోయాక ఇల్లు నా జీతం మీదే నడుస్తోందని నీకు తెలుసు. అందుకని నిన్ను రానివ్వకుండా ఉంటే చాలనుకుని పిన్నివాళ్ళ అబద్ధం ఆడాను. నీకు రోత పడి కాదు. ఆ కాగితం కప్పు కూడా, నిజంగానే కప్పులు చాలలేదు. నువ్వు నమ్మవు.

ఏం చెయ్యమంటావో చెప్పు. చేస్తాను.

వదిన

—

బధిరుల బడి

వదినా,

కప్పు సంగతి వదిలెయ్. ఇంకా నీకు కప్పు గుర్తుంది చూడు, అదీ నా ఆశ్చర్యం. చెంప కుళ్ళిపోయి ఏడ్చేవాడికి ఐసు పెట్టుకోమని చెప్పి, సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం ఎలా తిన్నావు? ఆ ఫ్రిజ్‌లోంచి పండ్లముక్కల డబ్బా ఎలా తీసుకున్నావు? నిన్ను తలుచుకుంటే రోత పుడుతోంది. ఇంత మాట రాస్తానని నేనూ అనుకోలేదు.

ఆరోగ్యశాఖకి డాక్టరమ్మే ఫిర్యాదు రాసింది. వాళ్ళు కదిలేదాకా బోర్డు అక్కడే ఉంటుంది. సొట్టబుగ్గ వాళ్ళ అమ్మకి మెడ మీద కాలిన మచ్చ ఉంది. ఆమెకీ చెవులు వినపడవు. మీ క్లినిక్‌కి వెళ్ళడానికి రోజు కూడా తీసుకుందట. వద్దని చెప్తే, ఆసుపత్రి వాళ్ళు నా చెయ్యి పాడుచేశారనుకుంటోంది గానీ మీ సూది అనుకోవడం లేదు. "బోర్డు మీద నయమైంది మీ చేతులే కదా" అని అడుగుతోంది. నా చేతుల మాట ఆమె ఎన్నేళ్ళుగానో నమ్ముతోంది. ఇప్పుడు నా మాటకి ఎదురు నా చేతులే సాక్ష్యం చెప్తున్నాయి.

ఏం చెయ్యమంటావని అడిగావుగా. బడికి రా. పిల్లల ముందు, వాళ్ళ అమ్మానాన్నల ముందు నిలబడి జరిగింది జరిగినట్టు నోటితో చెప్పు. నేను పక్కన నిలబడి చేతులతో చెప్తాను.

—

బధిరుల బడి, చిన్న క్లాసు

వదినా,

బడిలోంచి బయటికొచ్చాక బండెక్కేదాకా నువ్వు నాతో ఒక్క మాట మాట్లాడలేదు, నేనూ పలకరించలేదు. అన్నయ్య ఫోన్ చేసి, "అంత దూరం వచ్చి అందరి ముందు చెప్పుకుంది కదా, పలకరించకుండా పంపించొచ్చా" అని అడిగాడు. ఆ గదిలో నేనేం చేశానో అన్నయ్యకే కాదు, నీకూ పూర్తిగా తెలియదు. అందుకని రాస్తున్నాను.

వచ్చావు. కాదనను. క్లినిక్‌లో చేసేది ఏమిటో చెప్పావు, ఫోటోకి రంగు పూశారని చెప్పావు. నువ్వు చెప్పిన ప్రతి మాటా నేను చేశాను. రెండు వేళ్ళు కర్రముక్కల్లా నిలబడి ఉంటే మిగతా వాటితో తంటాలు పడుతూ చేశాను. కొన్ని సైగలు పిల్లలకి అర్థం కాక మొహాలు చూసుకున్నారు, ఎడమ చేత్తో మళ్ళీ చేశాను. నువ్వు తడబడి చెప్పిందే మళ్ళీ మొదటి నుంచి చెప్పినప్పుడు నాకు జాలి కూడా వేసింది.

అప్పుడు నువ్వు వెనక వరసలో కూర్చున్న వినపడే అమ్మానాన్నల వైపు చూశావు. ఆ రుమాలు ఆవిడ మూతి బిగించి నీ వంక చూస్తోంది. చీర కొంగు సర్దుకుని, "కానీ ఆ మందు వల్ల హాని జరుగుతుందని నాకు మాత్రం తెలియదండీ" అన్నావు.

నా చేతులు ఆగిపోయాయి. ఐసు పెట్టుకోమన్న నోటితోనే అన్నావు ఆ మాట. వంటగదిలో కూర్చుని నాకు నిజం రాసి, నా పిల్లల ముందుకొచ్చి అది అన్నావు. నేను చేస్తాననే నమ్మకంతో నా వైపు తిరిగి ఎదురుచూశావు కూడా. బోర్డు మీద ఒకసారి నా చేతులతో చెప్పించారు. మళ్ళీ చెప్పమని నిలబడ్డావు.

గది నిశ్శబ్దంగా ఉంది అని నువ్వు అనుకుని ఉంటావు. పిల్లలకి నిశ్శబ్దం అంటే చేతులు ఆగిపోవడమే. అందరూ నా చేతుల వంకే చూస్తున్నారు. ముందు వరసలోంచి సొట్టబుగ్గ వాళ్ళ అమ్మ అడిగింది, "ఆవిడ పెదాలు కదిలాయి. ఏమంది?" అని.

నువ్వు అడిగావు, "నేనన్నది చెప్పావా?" అని. నేను తలూపాను. అది నిజం కాదు. నువ్వన్నది చెప్పలేదు. "అబద్ధం" అని చెప్పాను. కుడి చేత్తోనే చెప్పాను. వేళ్ళు వంగలేదు, సైగ సగంలోనే ఆగిపోయింది. అయినా అందరికీ అర్థమైంది.